యార్డుకు సెలవు, కూలీకి నాగా

ఏటా మే నెల సగానికి వచ్చేసరికి గుంటూరు మిర్చి యార్డులో కాటాలు ఆగిపోతాయి. వేసవి సెలవులని మార్కెట్ కమిటీ ముందే ప్రకటిస్తుంది. రైతులు ఈ రోజుల్లో సరుకు తేవద్దని, కోల్డ్ స్టోరేజీల్లో దాచుకోవాలని పత్రికల్లో చిన్న వార్త వస్తుంది. దాదాపు నెల తర్వాత, జూన్‌లో, మళ్ళీ లారీలు వరస కడతాయి. కోతలు ముగిసి సరుకు రాక తగ్గుతుంది, ఎండలు ముదురుతాయి. అందుకే ఏళ్ళుగా ఈ ఏర్పాటు నడుస్తోంది. దాన్ని తప్పు పట్టాల్సిన పనిలేదు. రోహిణి కార్తెకు దగ్గరపడిన ఎండలో, రేకుల కింద, మిర్చి ఘాటు పీలుస్తూ మనిషి బస్తాలు మోయకూడదు.

ఆ నెల రోజుల సెలవు ఎవరిదన్నది అసలు ప్రశ్న. మార్కెట్ కమిటీ ఉద్యోగికి నెల తిరగ్గానే జీతం పడుతుంది. కమిషన్ కొట్లో గుమాస్తాకు కూడా, యజమాని చట్టం పాటించే మనిషైతే, జీతం ఆగదు. లారీలోంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి, కాటా వేసి, కుట్టి, మళ్ళీ లారీకెత్తే హమాలీకి మాత్రం పైసా రాదు. యార్డులోనూ కోల్డ్ స్టోరేజీల దగ్గరా కూర్చుని తొడిమలు తీసే, తాలు కాయ ఏరే ఆడవాళ్ళకూ రాదు. అప్పు చేసి ఆ నెల దాటాలి. సెలవంటే కూలి పడే విశ్రాంతి రోజు. కూలి పడని రోజును గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో నాగా అంటారు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరుపడ్డ చోట, సీజను ముమ్మరంలో రోజుకు లక్షకు పైగా టిక్కీలు దిగే చోట, ఆ సరుకును కదిలించే మనుషుల ఖాతాలో సెలవన్నదే లేదు. ఉన్నవన్నీ నాగాలే.

ఈ పత్రిక మీ చేతిలో ఉన్న ఆదివారం కూడా ఊరికే వచ్చింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల కార్మికులకు వారానికొక సెలవు కావాలని జోతిబా ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. పరిశ్రమల్లో వారపు విశ్రాంతి ఇవ్వాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను 1923లోనే మన దేశం ఆమోదించింది. వ్యవసాయ కూలీలకూ వేతనంతో కూడిన వార్షిక సెలవు ఇవ్వాలంటూ అదే సంస్థ 1952లో ఇంకో ఒడంబడిక తెచ్చింది. దాన్ని మాత్రం మన దేశం ఆమోదించలేదు. మిల్లు దాకా వచ్చిన ఆదివారం చేలోకి దిగలేదు.

జిన్నింగ్ మిల్లు గేటు లోపల

ముందు చట్టం చేయి అందాల్సిన చోటు చూద్దాం. గుంటూరు, సత్తెనపల్లి, చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టూ పత్తి జిన్నింగ్ మిల్లులున్నాయి, వాటి వెన్నంటే స్పిన్నింగ్ మిల్లులున్నాయి. ఇవి ఫ్యాక్టరీలు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికొక రోజు సెలవు ఇవ్వాలంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 పని రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇవ్వాలంది. వాడుకోని సెలవును 30 రోజుల దాకా మరుసటి ఏడాదికి కలుపుకోవచ్చు.

స్పిన్నింగ్ మిల్లు ఏడాది పొడవునా తిరుగుతుంది కాబట్టి 240 అందుతుంది, హాజరు పుస్తకంలో పేరు ఎక్కితే. ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చి మిల్లు గదుల్లోనే ఉండే కుర్రవాళ్ళ పేర్లు మిల్లు పుస్తకంలో ఉండవు, కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటాయి. కాంట్రాక్టరు మారినప్పుడు రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది.

జిన్నింగ్ మిల్లు సంగతి వేరు. పత్తి తీతలు మొదలయ్యాక మిల్లు తిరుగుతుంది, వేసవికి ఆగిపోతుంది. నవంబరు ఒకటి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా రోజూ నడిచిందనుకున్నా మొత్తం 181 రోజులు. వారపు సెలవులు తీసేస్తే 155 మిగులుతాయి. పైగా చట్టం లెక్క జనవరితో మొదలై డిసెంబరుతో ముగుస్తుంది. పత్తి సీజను సరిగ్గా మధ్యకు తెగి రెండేళ్ళలో పడుతుంది. ఎటు నుంచి లెక్క కట్టినా 240 రాదు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పాలి. అదే చట్టం 79వ సెక్షన్‌లో ఇంకో మాట ఉండేది. ఏడాది మధ్యలో కార్మికుణ్ణి పనిలోంచి పంపేసినా, తనే మానేసినా, చనిపోయినా, 240 రోజులు నిండకపోయినా సరే, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున సెలవు వేతనం లెక్కగట్టి చెల్లించాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా 100 రోజులు పనిచేసి, మిల్లు ఆపేశాక ఇంటికి పొమ్మన్న మనిషికి అయిదు రోజుల కూలి అదనంగా రావాలన్నమాట. కొత్త కార్మిక కోడ్‌లోనూ ఈ మాట నిలిచింది. అయిదు రోజుల కూలి పెద్ద మొత్తం కాదు. కానీ సీజను చివర లెక్క చూసుకునేటప్పుడు దీన్ని ఎవరూ అడగరు. అడగొచ్చని తెలిసినవాళ్ళు తక్కువ, తెలిసినా చేతిలో హాజరు కాగితం ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ.

జబ్బు చేస్తే? ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి జబ్బు రోజుల్లో ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. మహిళలకు 26 వారాల ప్రసూతి భృతి వస్తుంది. జిన్నింగ్ కార్మికుడికి ఈఎస్ఐ లేదు. మిల్లు యజమాని ఎగ్గొట్టడం వల్ల కాదు, చట్టమే తీసి పక్కన పెట్టింది. ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలకు వర్తించేది కాదు. ఏవి సీజనల్ ఫ్యాక్టరీలో చెప్పే నిర్వచనంలో మొట్టమొదటి పేరు పత్తి జిన్నింగ్. ఆ వెంటే పత్తి, జనపనార ప్రెస్సింగ్, వేరుశనగ కాయలు ఒలిచే పని. అంటే చాలావరకు మన మెట్ట ప్రాంతాల పంటల పేర్లే. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వచ్చినప్పుడైనా దీన్ని సరిచేస్తారేమో అనుకుంటే, ఆ మినహాయింపు అట్లాగే కొత్త పుస్తకంలోకి ఎక్కింది.

దీనికి సమర్థనగా చెప్పేది ఒకటే: కొన్ని నెలలే పనిచేసేవాళ్ళు చందా సరిగా కట్టలేరు కాబట్టి బీమాలో ఇమడరని. లెక్క చూస్తే ఈ వాదన నిలవదు. ఈఎస్ఐలో చందా కాలం ఆరు నెలలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఆ ఆరు నెలల్లో 78 రోజులకు చందా కడితే జబ్బు భృతికి అర్హత వస్తుంది. అక్టోబరు–మార్చి అచ్చంగా పత్తి సీజనే. నవంబరులో చేరి మార్చి దాకా పనిచేసిన ఏ జిన్నింగ్ కార్మికురాలైనా 78 రోజులు దాటేస్తుంది. ఆ చందాకు ఫలితం దక్కే కాలం జులై నుంచి డిసెంబరు, అంటే మిల్లు మూతపడి చేతిలో డబ్బు ఆడని నెలలతో సహా. ఇంతగా అమరిన ఏర్పాటు నుంచి ఈ కార్మికులను వెలివేయడానికి కారణమేమిటో పార్లమెంటులో మన జిల్లాల సభ్యులు ఒక్కసారైనా అడగాలి.

1976లో రాసుకున్న చట్టం

యార్డుకు తిరిగి వద్దాం. యార్డులో హమాలీకి యజమాని ఎవరు? పొద్దున ఒక కొట్టు సరుకు దించుతాడు, మధ్యాహ్నం ఇంకో కొట్టు కాటా వేస్తాడు, సాయంత్రం మూడో వ్యాపారి లారీకి ఎత్తుతాడు. బస్తాకు ఇంతని రేటు. ముఠా మొత్తానికి వచ్చింది మేస్త్రి పంచుతాడు. ఏ ఒక్క కొట్టు లెక్కలోనూ అతను 240 రోజుల మనిషి కాడు. కొట్లో గుమాస్తాకు ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) కింద ఏడాదికి 15 రోజుల ఆర్జిత సెలవు, 12 రోజుల క్యాజువల్ సెలవు, 12 రోజుల జబ్బు సెలవు ఉన్నాయి. కొన్ని చిన్న కొట్లలో ఇవీ కాగితానికే పరిమితం కావచ్చు, కానీ అడగడానికొక హక్కంటూ ఉంది. అదే అరుగు మీద నిలబడ్డ హమాలీకి ఆ చట్టం వర్తించదు, ఎందుకంటే అతను ఎవరి ఉద్యోగీ కాడు.

ఈ చిక్కు మన శాసనసభకు కొత్తది కాదు. ముఠా, జట్టు, హమాలీ, ఇతర చేతిపని కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ, సంక్షేమం కోసం 1976లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసింది. దానికి ముందే 1969లో మహారాష్ట్ర మాథాడీ కార్మికుల చట్టం తెచ్చింది, తర్వాత 1978లో కేరళ తలమోత కార్మికుల చట్టం తెచ్చింది. మూడింటి ఆలోచనా ఒకటే. ఒక్క యజమాని లేని కార్మికుడికి బోర్డే యజమాని స్థానంలో నిలబడాలి.

మహారాష్ట్రలో అది ఎలా నడుస్తుందో చూడండి. వ్యాపారులూ కార్మికులూ ఇద్దరూ బోర్డులో నమోదవుతారు. వ్యాపారి కూలి డబ్బును, దాని మీద కొంత శాతం లెవీని బోర్డుకు కడతాడు. కూలి కార్మికుడికి అందుతుంది. లెవీతో అతని పేర భవిష్యనిధి, గ్రాట్యుటీ, బోనసు, వైద్యం, జీతంతో సెలవు ఏర్పడతాయి. అతను ఆ నెలలో ముప్పై కొట్లలో మోశాడా, మూడు కొట్లలోనా అన్నది లెక్కకు రాదు, లెక్కంతా ఒక్క చోటే ఉంటుంది. అక్కడ ఈ చట్టం కోసం అణ్ణాసాహెబ్ పాటిల్ నాయకత్వంలో బొంబాయి మాథాడీలు పోరాడారు, పుణేలో బాబా ఆఢావ్ హమాల్ పంచాయత్‌ను కట్టి నిలబెట్టారు. ఆ బోర్డుల మీద ఫిర్యాదులున్నాయి. బయటివాళ్ళు చొరబడటం, రికార్డుల్లో పేర్లు అమ్ముకోవడం లాంటి ఆరోపణలూ వచ్చాయి. అయినా మార్కెట్ మూసిన రోజున అక్కడి మాథాడీ ఖాతాలో ఏదో ఒకటి ఉంటుంది.

మన దగ్గర చట్టం పేరు కార్మిక శాఖ జాబితాలో ఉంది. సంక్షేమ బోర్డు కావాలని హమాలీ సంఘాలు మాత్రం ఇప్పటికీ ధర్నాలు చేస్తూనే ఉన్నాయి. యాభై ఏళ్ళ నాటి చట్టాన్ని అమలు చేయమని ఇంకా అడగాల్సి రావడం ఈ రాష్ట్రానికి గౌరవం కాదు.

డబ్బెక్కడిదంటారా? మార్కెట్లో అమ్మే సరుకు మీద నూటికి రూపాయి చొప్పున మార్కెట్ రుసుము ఇప్పటికే ఉంది. క్వింటా మిర్చి పది వేలనుకుంటే, 45 కిలోల టిక్కీ విలువ 4,500 రూపాయలు, దాని మీద రుసుము 45 రూపాయలు. ఆ రుసుముతో యార్డు షెడ్లు, రోడ్లు, గోదాములు కట్టాలి, కట్టనివ్వండి. టిక్కీకి ఇంకొక్క రూపాయి హమాలీ సెలవు కోసం వసూలు చేస్తే, లక్ష టిక్కీలు దిగిన రోజున లక్ష రూపాయలు పోగవుతుంది. ఆ రూపాయి రైతు పట్టీలో కోయకుండా కొనుగోలుదారు ఖాతాలో వేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ధర పడిపోయిన ఏట మిర్చి రైతు ఎంత నలిగిపోతాడో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతి మన రాష్ట్రానికి అలవాటు లేనిదీ కాదు. భవన నిర్మాణ కార్మికులకు ఇదే సూత్రం మీద, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సుతో, 1996 నాటి కేంద్ర చట్టం కింద బోర్డు ఏర్పడింది. తాపీ మేస్త్రికి కుదిరింది హమాలీకి ఎందుకు కుదరదు?

చేలో ఆడవాళ్ళు

మిర్చి, పత్తి రెండూ ఆడవాళ్ళ చేతుల మీద నడిచే పంటలు. కలుపు తీయడం దగ్గర్నుంచి కాయకోత, కల్లంలో ఆరబెట్టడం, మచ్చకాయ, తాలు ఏరడం దాకా వాళ్ళే. పత్తి తీత దాదాపు పూర్తిగా వాళ్ళదే. కోత సీజనులో వేలికొసల నుంచి మోచేతుల దాకా మంట. రాత్రి పడుకోబోయే ముందు చేతులకు నూనె రాసుకోవాలి, పసిబిడ్డ ఉంటే ఎత్తుకోవడానికి భయపడాలి.

వీళ్ళకు సెలవిచ్చే చట్టం ఉందా అంటే, అసలు లేదనడం తప్పు. 1948 నాటి కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్ని తన జాబితాలో చేర్చుకుంది. ప్రతి ఏడు రోజులకు ఒక విశ్రాంతి రోజును, ఆ రోజుకు వేతనాన్ని నిర్ణయించే అధికారాన్ని 13వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ అట్లాంటి ఏర్పాటు ఉంది. ఆరు రోజులు కాయకోసిన మనిషికి ఏడో రోజు కూర్చోబెట్టి కూలిచ్చిన రైతును మీరు చూశారా? రైతును తప్పుపట్టి ప్రయోజనం లేదు. కౌలు, పురుగుమందులు, వడ్డీ పోగా రెండెకరాల కౌలు రైతుకు మిగిలేది తెలిసిన సంగతే. అతనూ ఆ మండే కాయల మధ్యే కూర్చుని ఉంటాడు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కోత రోజుల్లో కూలీలు విశ్రాంతి అడగరు. సీజను తక్కువ, ఆ నాలుగు నెలల సంపాదనతో ఏడాది గడవాలి. అందుకే గుత్తకు పట్టి చీకటితో చేలోకి దిగి పొద్దుగూకేదాకా కోస్తారు. ఒకప్పటి పాలేరుతనంలో ఏడాది కట్టుబడి ఉండేది, నాగా పెట్టిన ప్రతి రోజూ జీతంలో కోత పడేది. దాన్నుంచి బయటపడి రోజు కూలికి, గుత్త పనికి మారడం కూలీలు తెలిసి ఎంచుకున్న స్వేచ్ఛ. దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు, తిప్పకూడదు. కాకపోతే ఆ మార్పులో యజమాని కనిపించకుండా పోయాడు, అతనితో పాటు సెలవుకు బాధ్యతా పోయింది. కాబట్టి కోత మధ్యలో బలవంతంగా ఒక రోజు ఆపడం వీళ్ళకు మేలు కాదు. పని లేని నెలలకు, జబ్బు రోజులకు, పురుటి రోజులకు డబ్బు రావాలి.

పురుటి రోజుల సంగతి తీసుకుందాం. ప్రభుత్వ ఉద్యోగినికి 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది. ప్రైవేటు సంస్థలో ఏడాదిలో 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలని 2017లో సవరించారు. రోజు కూలీలకూ ఈ హక్కు ఉంటుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసిన మహిళా కూలీల కేసులో 2000 మార్చి 8న కోర్టు తీర్పు చెప్పింది: రోజు కూలీ అయినంత మాత్రాన ప్రసూతి సెలవు లేదనడానికి వీల్లేదని. గొప్ప తీర్పు. కానీ ఆ మహిళలకు కనీసం మస్టర్ ఉంది, ఎదురుగా ఒక కార్పొరేషన్ ఉంది. యడ్లపాడు దగ్గరో పర్చూరు దగ్గరో ఈ వారం ఒకరి చేలో, వచ్చే వారం ఇంకొకరి చేలో కోసే మనిషి ఎవరి మీద కేసు వేయాలి?

ఆమెకు దక్కాల్సింది ఆహార భద్రతా చట్టం (2013) రాసిపెట్టింది: గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో మొదటి బిడ్డకు 5,000, రెండోది ఆడపిల్లయితే 6,000. ఇరవై ఆరు వారాల కూలితో పోల్చి చూడండి. రోజుకు మూడు వందల చొప్పున, వారానికి ఆరు రోజులే లెక్కేసినా అది 46,800 రూపాయలు. చట్టం ఒక తల్లికి ఇచ్చిన విలువకూ ఇంకో తల్లికి ఇచ్చిన విలువకూ ఇంత తేడా ఉంది.

సెలవు లేని పని ఒంటిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లా చూపించింది. చెరకు నరికే జంటలో ఒకరు ఒక్కరోజు రాకపోతే మేస్త్రి జరిమానా వేస్తాడు. నెలసరి నొప్పులతో, ఆ జరిమానాల భయంతో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు అక్కడ బయటపడ్డారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనదే. 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మందికి ఆ ఆపరేషన్ అయింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నింటినీ పొలం పని మీదికి నెట్టలేం. కానీ నాగా భయం వాటిలో ఎంత ఉందో ఆరోగ్య శాఖ, కార్మిక శాఖ కలిసి చేలగట్ల మీదికి వెళ్ళి కనుక్కోవాలి. పొరుగున కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో ఉద్యోగినులకు నెలకొక రోజు జీతంతో నెలసరి సెలవును ఆమోదించింది. మంచి పని. ఇక్కడి మిర్చి కూలీకి అట్లాంటిది ఊహకైనా రాదు.

అడిగితే వస్తుందనడానికి మన కళ్ళ ముందే ఒక ఉదాహరణ ఉంది. ఆశా కార్యకర్తలను వలంటీర్లని, వాళ్ళది ఉద్యోగం కాదని ఏళ్ళ పాటు చెప్పారు. వాళ్ళు రోడ్డెక్కారు, మళ్ళీ మళ్ళీ ఎక్కారు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళకు మొదటి రెండు కాన్పులకు 180 రోజుల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ప్రకటించింది. మిర్చి కోసే చేతికి ఐరన్ మాత్రలు అందించే ఆశా అక్క సెలవు సాధించుకుంది. ఆ మాత్రలు అందుకునే ఆమె వంతు ఇంకా రాలేదు.

సుగ్గి దారిలో

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతకు ఇక్కడి చేతులు చాలవు. ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు నుంచి కర్నూలు కూలీలు సుగ్గికి, అంటే కోతల వలసకు, బయల్దేరతారు. లారీల్లో, ట్రాక్టర్లలో, బొలేరోల్లో మూటాముల్లె, పిల్లలతో సహా వచ్చి చేల పక్కన పట్టాలు కట్టుకుంటారు. కిలోకు ఇంతని కూలి. వెంట వచ్చిన పిల్లల బడి మధ్యలో తెగిపోతుంది. అందుకే ఆ మండలాల్లో సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు.

వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం ప్రయాణ భత్యం, ప్రయాణ రోజులకు వేతనం, వలస భత్యం ఇవ్వాలంది. అయితే అది రాష్ట్రం దాటి వచ్చిన వాళ్ళకే. కోసిగి నుంచి నరసరావుపేటకు వచ్చిన మనిషి వందల కిలోమీటర్లు దాటాడు గానీ రాష్ట్రం దాటలేదు. కొత్త కోడ్‌లోనూ వలస కార్మికుడంటే రాష్ట్రం దాటినవాడే. సరిహద్దు ఇవతలే తిరిగే వలస ఈ లెక్కలోకి రానే రాదు.

ఇక రోజూ పోయి వచ్చే వాళ్ళ దారి. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోతకు వెళ్ళిన కూలీలతో వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. చదువుకునే పిల్లలు కూడా ఆ ట్రాక్టరులో ఉన్నారు. ఇంటికి చేరకుండానే ప్రాణాలు పోయాయి. 2023 మేలో పల్నాడు జిల్లా పొందుగల దగ్గర లారీ ఢీకొన్న ఆటోలో ఉన్నది నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం నుంచి గురజాల వైపు మిర్చి పనికి వస్తున్న ఆడవాళ్ళు. ఇవి రోడ్డు ప్రమాదాలుగా నమోదయ్యాయి. పనికి పోతూ, పని నుంచి వస్తూ జరిగినవి పని ప్రమాదాలే. ఒక్క ఆటోలో అంతమంది ఎక్కడానికి కారణం వాళ్ళ నిర్లక్ష్యం అనేవాళ్ళున్నారు. ఆలస్యంగా చేరితే ముఠాలో చోటు పోతుంది, ఆ రోజు నాగా అవుతుంది. బతుకు మీద ఆశ లేక ఎవరూ అట్లా ఎక్కరు.

ఎండ కూడా ఈ కథలో భాగమే. 2015 మే నెల చివరి వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, ప్రకాశం జిల్లా ఆ లెక్కలో ముందు వరసలో ఉంది. బయటికి రావద్దని ప్రభుత్వం చాటింపు వేస్తుంది. ఇంట్లో ఉంటే కూలి ఎవరిస్తారో చాటింపులో ఉండదు. గుజరాత్‌లో పుట్టిన స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ ఈ ప్రశ్నకు ఒక జవాబు ప్రయత్నించింది. ఎండ ఒక హద్దు దాటితే సభ్యురాలి ఖాతాలో నేరుగా బీమా డబ్బు పడే ఏర్పాటు చేసి వేల మంది మహిళలకు చెల్లించింది. వడగాడ్పు సెలవుకు ఇది మొదటి అడుగు లాంటిది. మన డ్వాక్రా సంఘాలకు ఉన్న బలంతో ఇక్కడ ఇంతకంటే బాగా చేయొచ్చు.

కొత్త కోడ్‌లు, పాత గోడ

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వార్షిక సెలవుకు అర్హత 240 రోజుల నుంచి 180కి తగ్గింది. ఇది మెరుగుదలే, ఒప్పుకోవాలి. స్పిన్నింగ్ మిల్లు కార్మికుడికి మేలు జరుగుతుంది. జిన్నింగ్ సీజను 155 రోజుల లెక్క మాత్రం 180ని కూడా అందుకోదు.

అదే ఏడాది మన రాష్ట్రం ఇంకో దిక్కుకు నడిచింది. జూన్‌లో మంత్రివర్గం, తర్వాత సెప్టెంబరులో శాసనసభ ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాయి. మూడు నెలల్లో చేయించుకోగల ఓవర్‌టైమును 75 గంటల నుంచి 144కి పెంచే మార్పూ అందులో ఉంది. పెట్టుబడులు రావాలంటే తప్పదన్నారు. జులై 9 సార్వత్రిక సమ్మెలో కార్మిక సంఘాలు దీన్ని ఎదిరించాయి. పెట్టుబడి రావాలి, కాదనను. కానీ పని గంటలు పెంచడానికి నెలల్లో చట్టం మారినప్పుడు, 1976 నాటి హమాలీ చట్టానికి బోర్డు ఇవ్వడానికి యాభై ఏళ్ళు చాలలేదా?

చేయాల్సిన పనులు చేతికందేంత దగ్గర్లో ఉన్నాయి. ముఠా, హమాలీ చట్టం కింద గుంటూరు యార్డుతోనే బోర్డు మొదలుపెట్టాలి. టిక్కీకి రూపాయి చొప్పున సెలవు నిధి వసూలు చేసి మే నెలలో, యార్డు మూసినప్పుడు, నమోదైన ప్రతి హమాలీకీ తొడిమలు తీసే ప్రతి ఆడమనిషికీ పంచాలి. సీజనల్ ఫ్యాక్టరీ నిర్వచనంలోంచి పత్తి జిన్నింగ్‌ను తీసేయమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి రాయాలి. జిల్లా దాటి వచ్చే కర్నూలు కూలీకి వలస భత్యం వర్తించేలా రాష్ట్రమే తన నిబంధనలు రాసుకోవాలి.

జిన్నింగ్ మిల్లులో పనిచేసే అన్నా, అక్కా, ఈలోపు మీరొక పని చేయండి. వెళ్ళిన ప్రతి రోజూ ఒక చిన్న పుస్తకంలో తేదీ రాసుకోండి, రాయడం రాకపోతే బడికెళ్ళే పిల్లల చేత రాయించండి. సీజను చివర లెక్క తేల్చేటప్పుడు ఇరవై రోజులకొక రోజు చొప్పున సెలవు కూలి అడగండి. ఇవ్వకపోతే మీ ప్రాంత కార్మిక శాఖ అధికారి దగ్గరికి ఒక్కరే కాకుండా పదిమందిగా వెళ్ళి కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.